చేపలు మాకు అచ్చిరావు అనేవాళ్లతో ఒక వాదన

బెంగళూరులో తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్తే బాల్కనీ మూలనో, అటక మీదో ఖాళీ గాజు తొట్టి ఒకటి తరచుగా కనిపిస్తుంది. అందులో పిల్లల బొమ్మలో, పాత ఛార్జర్లో, ఒక్కోసారి ఉల్లిపాయలో ఉంటాయి. ఏమైందని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "చేపలు మాకు అచ్చిరావండీ." కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, ఇంటికి తగలాల్సిన దిష్టి చేపకు తగిలిందనీ, ఒకరకంగా మంచే జరిగిందనీ సర్దిచెప్పుకుంటారు. వాస్తు కోసం ఫ్లవర్‌హార్న్ చేప తెచ్చుకున్నవాళ్లయితే ఈ మాట మరీ నమ్మకంగా అంటారు.

ఆ నమ్మకం మీద నాకు కోపం లేదు. కాకపోతే అది అసలు కారణాన్ని వెతకనివ్వదు. దిష్టి తగిలి పోయిందనుకున్నాక ఇక నీళ్లు పరీక్షించేదెవరు? నేను చూసినంతలో ఈ ఊళ్లో కొత్తగా పెంచేవాళ్ల చేపలు ఎక్కువగా రెండు కారణాలతో పోతున్నాయి. ఒకటి, తొట్టీ చేపలూ ఒకే రోజు ఇంటికి రావడం. రెండు, తమ బిల్డింగులో ఏ నీళ్లు వస్తున్నాయో తెలియకుండానే చేపను ఎంచుకోవడం. ఫిల్టర్ ఏ కంపెనీది, లైటు ఎన్ని వాట్లు, మేత జపాన్‌దా లోకలా అనే చర్చంతా ఈ రెండూ తేలాక చేసుకోవచ్చు.

మొదటిది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. వీకెండ్‌లో కుటుంబమంతా శివాజీనగర్ రసెల్ మార్కెట్ వైపో, దగ్గర్లోని షాపుకో వెళ్తారు. తొట్టి, రంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్క, గాలి బుడగలు వదిలే నిధిపెట్టె, ఎయిర్ పంపు, వీటితోపాటు పాలిథిన్ కవర్లో పది చేపలు. ఇంటికొచ్చి నీళ్లు నింపి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, చేపల్ని వదిలేస్తారు. రెండు మూడు రోజులు సంబరం. తర్వాత చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే పోతాయి. షాపుకెళ్లి అడిగితే "నీళ్లు మార్చలేదా?" అంటారు. మార్చామని చెబితే "ఎందుకు మార్చారు?" అంటారు.

నిజానికి జరిగింది ఇది. చేప తిన్న మేతలోని ప్రోటీన్ వాడకమయ్యాక అందులోని నైట్రోజన్ అమ్మోనియాగా బయటికొస్తుంది. చేప దాన్ని ఎక్కువగా మొప్పల ద్వారానే నీళ్లలోకి వదిలేస్తుంది. మిగిలిపోయిన మేత, రెట్ట, కుళ్లిన ఆకులు కూడా చివరికి అమ్మోనియానే ఇస్తాయి. నదిలో అయితే కొట్టుకుపోతుంది. తొట్టిలో అదే నీళ్లను చేప మళ్లీ మళ్లీ మొప్పల గుండా పంపుకోవాలి.

చిన్న లెక్క వేద్దాం. మేతలో 40 శాతం ప్రోటీన్ ఉందనుకుంటే ఒక గ్రాము మేతలో 400 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్‌లో దాదాపు 16 శాతం నైట్రోజన్ కాబట్టి 64 మిల్లీగ్రాములు. అందులో సగమే అమ్మోనియాగా బయటికొచ్చిందనుకున్నా, 54 లీటర్ల తొట్టిలో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు చేరినట్టు. అదే గ్రాము మేత 8 లీటర్ల గాజు బౌల్లో పడితే లీటరుకు 4 మిల్లీగ్రాములు. కొత్తవాళ్లకు చిన్న బౌల్ ఈజీ అనే సలహా అందుకే తలకిందుల సలహా. చిన్న తొట్టిలో ఒక చిటికెడు మేత ఎక్కువైనా దాన్ని పలుచన చేయడానికి నీళ్లుండవు. చోటుంటే 24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న తొట్టి తీసుకోండి. గాజు మందం పోగా అంచు దాకా నింపితే దాదాపు 54 లీటర్లు. నీళ్ల బరువే 54 కిలోలవుతుంది కాబట్టి టీవీ స్టాండు మీద మాత్రం పెట్టకండి.

అమ్మోనియా ఎంత ప్రమాదమన్నది నీళ్ల పీహెచ్ మీద, అంటే నీళ్లు ఆమ్లమా క్షారమా అని చెప్పే అంకె మీద ఆధారపడి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. అంటే టెస్ట్ కిట్‌లో అదే రంగు కనిపించినా చేపకు తగిలే దెబ్బ దాదాపు పది రెట్లు. బెంగళూరు బోరు నీళ్ల పీహెచ్ చాలాచోట్ల 7 కంటే పైనే ఉంటుంది. వేడి పెరిగినా ఈ శాతం పెరుగుతుంది, దానికి తోడు నీళ్లలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. 2016 మార్చిలో అల్సూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలిన సంగతి ఊళ్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మురుగు కలిసి ఆక్సిజన్ పడిపోవడమే కారణమన్నారు. చెరువంత నీళ్లకే ఆ గతి పట్టినప్పుడు మన హాల్లో ఉన్న నాలుగు బకెట్ల నీళ్లు ఎంత ఓర్చుకోగలవు?

దీనికి విరుగుడు బ్యాక్టీరియా. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా లాంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు పనులూ ఒక్కటే చేయగల నైట్రోస్పైరా రకాలున్నాయని 2015లో కనిపెట్టారు. నైట్రైట్ కూడా విషమే. రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, అందుకే నీళ్లలో గాలి దండిగా ఉన్నా చేప ఊపిరాడనట్టు పైకొస్తుంది. నైట్రేట్ మాత్రం తక్కువ మోతాదులో ఉంటే చేపలు తట్టుకుంటాయి, వారం వారం కొంత నీరు మార్చి తీసేయొచ్చు. చిక్కల్లా ఈ బ్యాక్టీరియా పెరిగే వేగంతోనే. పాలు విరగ్గొట్టే బ్యాక్టీరియాలా గంటల్లో పెరిగే రకం కాదు. అనుకూలంగా ఉన్నప్పుడు కూడా రెట్టింపు కావడానికి సగం రోజు నుంచి ఒక రోజు పడుతుంది. ఒక తొట్టికి సరిపడా పెరగాలంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. డిసెంబరు చలిలో మొదలుపెడితే ఇంకాస్త ఎక్కువే.

కాబట్టి నా మాట: మొదటి నెల తొట్టిలో చేప ఉండకూడదు. నీళ్లు, గులకరాళ్లు, ఫిల్టర్, మొక్కలు ఉండాలి. ఫిల్టర్ రాత్రీ పగలూ నడుస్తుండాలి. రోజూ ఒక చిటికెడు మేత వేస్తుండాలి, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. చుక్కల టెస్ట్ కిట్‌తో వారానికి రెండుసార్లు చూస్తే ముందు అమ్మోనియా పెరగడం, తర్వాత అది తగ్గి నైట్రైట్ పెరగడం, చివరికి రెండూ సున్నాకు రావడం కనిపిస్తుంది. రెండూ సున్నా చూపించి, నైట్రేట్ కనిపిస్తున్న రోజున చేపలు తేవొచ్చు. స్ట్రిప్పుల కంటే చుక్కల కిట్ కాస్త ఖరీదే, కానీ నిధిపెట్టె మీద పెట్టే డబ్బు దీని మీద పెట్టండి.

ఎవరి దగ్గరైనా ఏళ్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే ఈ నెల చాలా తగ్గిపోతుంది. వాళ్ల ఫిల్టర్లోని స్పాంజ్ ముక్క ఒకటి అడిగి, తడి ఆరకుండా కవర్లో తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టడం పాలకు తోడు వేసుకోవడం లాంటిదే. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ పెడితే ఇచ్చేవాళ్లు దొరుకుతారు. షాపులో అమ్మే బ్యాక్టీరియా సీసాల మీద నాకు అంత గురి లేదు. కొన్ని పనిచేస్తాయి. కానీ అది ఏ ఎండలో ఎన్నాళ్లుగా ఉన్న సీసానో మనకు తెలీదు, వేశాక టెస్ట్ ఎలాగూ చేసుకోవాల్సిందే.

"పిల్లలు ఒప్పుకోరండీ, ఖాళీ తొట్టిని నెల రోజులు చూస్తూ ఎలా కూర్చుంటారు?" అని మా పక్క ఫ్లాట్ అనంతపురం ఆవిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ నెలలో పిల్లల చేతికి టెస్ట్ కిట్ ఇమ్మన్నాను. చుక్కలు వేసి, గొట్టం ఊపి, రంగు చూసి, క్యాలెండర్ మీద రాసుకోవడం వాళ్లకు మనకంటే బాగా నచ్చుతుంది. మొక్కలతో పాటు వచ్చే నత్తలు కూడా వాళ్ల లెక్కలో పెంపుడు జంతువులే. ఆ ఇంట్లో చేపలొచ్చేనాటికి ప్రతి నత్తకూ ఒక పేరుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో "మీ కుళాయి నీటికి తగ్గ చేపను ఎంచుకోండి" అని ఉంటుంది. మంచి మాటే. కానీ అది కుళాయిలో ఏడాది పొడుగునా ఒకే రకం నీళ్లొచ్చే ఊళ్లవాళ్లు రాసిన మాట. బెంగళూరు కుళాయిలో మార్చిలో ఒక రకం, ఆగస్టులో ఒక రకం వస్తాయి. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్లి నుంచి ఎత్తిపోసుకుంటూ ఊళ్లోకి వస్తాయి. మొదటి దశ 1974లో మొదలైంది. మహదేవపుర, వైట్‌ఫీల్డ్ లాంటి శివారు ప్రాంతాల్లో చాలా పల్లెలను దృష్టిలో పెట్టుకున్న ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అంటే మన సాఫ్ట్‌వేర్ జనం ఎక్కువగా ఉండే ఆ వైపంతా నిన్నమొన్నటిదాకా బోర్ల మీదా, ట్యాంకర్ల మీదా నడిచిందే. ఇప్పటికీ చాలా అపార్ట్‌మెంట్లలో మూడూ ఒకే సంపులో కలుస్తాయి. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకరు ఎక్కడి నుంచి తెస్తున్నాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది, వస్తే చాలనుకున్నాం.

అందుకని షాపువాణ్ని ప్రశ్నలడిగే ముందు మీ బిల్డింగ్ ప్లంబర్‌ను అడగండి. సంపులోకి ఏయే నీళ్లు వస్తున్నాయి? నీళ్ల కాఠిన్యం తగ్గించే సాఫ్టెనర్ ఉందా? ఉంటే ఏ కుళాయిలకు దాని నీళ్లు వెళ్తాయి? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం పని అయినట్టే.

కావేరి నీళ్లు నేరుగా వచ్చే ఇళ్లలో చూడాల్సింది క్లోరిన్. మూత లేని బకెట్‌లో ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది, ఎయిర్ స్టోన్ పెడితే ఇంకా తొందరగా. యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మేది చాలావరకు సోడియం థయోసల్ఫేటే, పాతకాలం ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో. సంపులోనూ పైట్యాంకులోనూ నిలవ ఉండి వచ్చే నీళ్లలో మామూలు రోజుల్లో క్లోరిన్ పెద్దగా మిగలదు. కానీ ట్యాంకులు కడిగించి బ్లీచింగ్ పౌడర్ వేసే రోజొకటి ఉంటుంది చూశారూ, ఆ రోజు నీళ్లు మార్చినవాళ్ల తొట్టి మొత్తం ఒక్క పూటలో ఖాళీ అయిపోగలదు. గ్రూపులో "రేపు సంప్ క్లీనింగ్" అని మెసేజ్ రాగానే రెండు బకెట్ల నీళ్లు ముందే పట్టి పక్కన పెట్టుకోండి. ఆ వారం నీళ్లు మార్చకపోయినా కొంప మునగదు.

బోరు నీళ్లలో క్లోరిన్ బాధ లేదు, కాఠిన్యం బాధ, అంటే కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టే ఇళ్లందరికీ ఇది తెలిసిందే. తాగే నీటికి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మనుషులకు చిరాకు పుట్టించే ఈ కాఠిన్యమే గప్పీలకూ, మాలీలకూ, ప్లాటీలకూ హాయి. నియాన్ టెట్రాలకు మాత్రం ఇది పడదు. బోరు నీళ్లలో చూడాల్సిన ఇంకో విషయం నైట్రేట్. మురుగు ఇంకిన చోట్ల బోరు నీళ్లలో ముందే నైట్రేట్ ఉంటుంది. తాగే నీటికి లీటరుకు 45 మిల్లీగ్రాములు హద్దు. కుళాయి నీళ్లలోనే అంత ఉంటే నీళ్లు మార్చి నైట్రేట్ తగ్గించడం కుదరని పని. అలాంటిచోట మనీ ప్లాంట్ తీగ వేళ్లు తొట్టిలో మునిగేలా, ఆకులు బయట ఉండేలా వేలాడదీయండి. నైట్రేట్‌ను అది బాగానే లాగేస్తుంది. ఈ ఊళ్లో మనీ ప్లాంట్ లేని ఇల్లెక్కడుంది?

సాఫ్టెనర్ నీళ్లు అందరినీ మోసం చేస్తాయి. నీళ్లు మెత్తబడ్డాయి కదా, టెట్రాలు పెంచొచ్చనుకుంటారు. సాఫ్టెనర్ చేసేది కాల్షియం, మెగ్నీషియం తీసి వాటి బదులు సోడియం పెట్టడం. పీహెచ్‌ను పట్టి ఉంచే బైకార్బొనేట్ అలాగే ఉంటుంది, నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ అంకె కూడా పెద్దగా మారదు. అంటే టెట్రాకు కావాల్సిన నీళ్లూ కావు, గప్పీకి కావాల్సిన కాల్షియమూ లేదు. చాలాచోట్ల గార్డెన్ కుళాయికి సాఫ్టెనర్ కలపరు. ప్లంబర్‌ను అడిగి, చేపల బకెట్ అక్కడ పట్టుకోవడం మేలు. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఆర్వో నీళ్లు స్వచ్ఛమైనవి కాబట్టి చేపలకూ అవే పోద్దామనేవాళ్లు ఉన్నారు. ప్రేమ ఎక్కువైనప్పుడు చేసే పని ఇది. ఉత్త ఆర్వో నీళ్లలో ఖనిజాలు ఉండవు, పీహెచ్‌ను నిలబెట్టే క్షారత ఉండదు. అమ్మోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా ఆ క్షారతను ఖర్చు చేస్తుంది, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు ఏడు మిల్లీగ్రాముల చొప్పున. నిల్వ అడుగంటగానే పీహెచ్ దభీమని పడిపోతుంది, బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, అమ్మోనియా మళ్లీ మొదలు. ఆర్వో నీళ్లకు ఒక్కచోట మాత్రం నేను ఓటేస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బెంగళూరు పొడిగాలికి తొట్టిలో నీళ్లు చాలా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు అలాగే మిగిలిపోతాయి. తగ్గిన నీళ్లను మళ్లీ బోరు నీళ్లతోనే నింపుతూ పోతే కాఠిన్యం వారం వారం పెరుగుతుంది. ఆ తగ్గినంత మేరకు ఆర్వో నీళ్లు పోయడం సరైన పని.

నీళ్లు ఎప్పుడు మారాయో తెలుసుకోవడానికి టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల్లో వస్తుంది. నీళ్లు మంచివా కాదా అన్నది అది చెప్పదు. పోయినవారం నీళ్లూ ఈ వారం నీళ్లూ ఒకటేనా అన్నది చెబుతుంది, మనకు కావాల్సింది అదే. అంకె బాగా తేడాగా ఉంటే ఒకేసారి పావు వంతు మార్చకుండా రెండు మగ్గుల చొప్పున నాలుగైదు రోజులు మార్చండి.

నీళ్లు తేలాక చేపను ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. గట్టి నీళ్లైతే గప్పీ, ప్లాటీ, మాలీ. గప్పీల్లో మగవాటినే తెచ్చుకోండి. ఆడ గప్పీ నాలుగు వారాలకోసారి పిల్లల్ని పెడుతుంది, మగ చేప పక్కన లేకున్నా ముందే దాచుకున్న వీర్యంతో నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. ఆపై మీ బంధువులందరికీ గప్పీలు పంచాలి. కావేరి నీళ్లైతే వీటితోపాటు జీబ్రాలు, చిన్న బార్బ్‌లు, గౌరామీలు కూడా పెట్టొచ్చు. జీబ్రా మన దేశపు చేపే, ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో పరిశోధనకు వాడేదీ ఇదే. చల్లటి నీళ్లకు తట్టుకుంటుంది కాబట్టి బెంగళూరు చలికాలంలో హీటర్ లేకుండా నెట్టుకొస్తుంది. ఆరేడు కలిసి ఉంటేనే హుషారుగా తిరుగుతాయి. 54 లీటర్ల తొట్టికి ఆరు జీబ్రాలు, నాలుగు మగ గప్పీలు చాలు. అవీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా.

గోల్డ్ ఫిష్ వద్దంటే అందరికీ కోపమొస్తుంది. రెండు అంగుళాలప్పుడు అమ్ముతారు. సరిగ్గా పెరిగితే లావు రకాలు కూడా ఆరు అంగుళాలు దాటతాయి, పొడుగు రకాలు అడుగు దాకా పెరుగుతాయి. తిండి ఎక్కువ, రెట్ట ఎక్కువ. దాన్ని మొదటి చేపగా అమ్మడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. ఫైటర్‌కు నీటిపైకొచ్చి గాలి పీల్చే అవయవం ఉంది కాబట్టి చిన్న సీసాలో బతుకుతుంది. గాలి దొరికినంత మాత్రాన అమ్మోనియా తగలకుండా పోదు. దానికీ ఒక పదిహేను ఇరవై లీటర్లు, మెల్లగా నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఇవ్వండి.

షాపుల్లోకి చాలా చేపలు చెన్నై కొళత్తూరు వైపు నుంచి వస్తాయి. ప్రయాణం చేసి, కొత్త నీళ్లకు అలవాటు పడీ పడకుండా మన చేతికొస్తాయి. దిగిన రోజే కొనకుండా, వారం నుంచి షాపులో ఉన్నవాటిని అడిగి తీసుకోండి. ఆ తొట్టిలో ఒక్క చేప చచ్చి ఉన్నా దాని పక్క చేపను కొనొద్దు. ఇంటికొచ్చాక కవర్‌ను పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, మన నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, వలతో చేపను మాత్రమే తొట్టిలోకి వదలండి. షాపు నీళ్లు మొక్కలకు పోయొచ్చు.

తర్వాత ఆదివారం శుభ్రత. మన ఇళ్లలో తొట్టి కడగడమంటే పండగ ముందు గిన్నెలు తోమినట్టే. చేపల్ని బకెట్లో వేసి, నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లు ఉప్పేసి రుద్ది, ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండుతారు. నెల రోజులు పెంచుకున్న బ్యాక్టీరియా ఉండేదే ఆ గులకరాళ్ల మీద, ఆ స్పాంజ్‌లో. తళతళలాడే తొట్టిలో బుధవారానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. వారానికి పావు వంతు నీళ్లు సైఫన్ పైపుతో అడుగు నుంచి తీసి, అంతే నీళ్లు పోయడం సరిపోతుంది. స్పాంజ్ మురికిపడితే, తీసిన ఆ తొట్టి నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. గోధుమరంగు మిగిలితే మిగలనివ్వండి. గాజు మీద నాచు పడితే స్క్రబ్బర్‌తో తుడిచి, లైటు రోజుకు ఆరేడు గంటలకు తగ్గించి, తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరపండి.

మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేంత. చేప ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది, నమ్మకండి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు అందరికీ ఇదే టెన్షన్: మేత ఎవరు వేస్తారు? ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. పక్కింటి పిల్లలకు డబ్బా అప్పగించి వెళ్తే మాత్రం కనుమ నాటికి డబ్బా ఖాళీ, తొట్టి పాలలా తెల్లగా. అంతకంటే వెళ్లే ముందు పావు వంతు నీళ్లు మార్చి, ఫిల్టర్ నడిచే స్విచ్ మీద "ఆపొద్దు" అని కాగితం అంటించడం ముఖ్యం. పండక్కి వెళ్తూ మెయిన్ ఆఫ్ చేసే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది.

పెస్ట్ కంట్రోల్ చేయించే రోజు ఇంకో జాగ్రత్త. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి నెడుతుంది, అందులో బొద్దింకల మందు ఉంటే అదీ వెళ్తుంది. ఆ కాసేపు పంపు ఆపి, తొట్టి మీద తడి దుప్పటి కప్పి, వాసన పోయాక మళ్లీ వేయండి. దోమల స్ప్రే తొట్టి ఉన్న గదిలో వాడకపోవడమే మేలు.

మందుల గురించి ఎక్కువ చెప్పను. చేప నలతగా కనిపించగానే నీలం చుక్కలు, పసుపు చుక్కలు వేయడం అలవాటైపోయింది. ముందు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఉంటే పావు వంతు నీళ్లు మార్చండి. చాలాసార్లు జబ్బు అక్కడితో పోతుంది. నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, ఫిల్టర్ బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది, కాబట్టి వేయాల్సివస్తే వేరే బకెట్లో ఆ చేపకు మాత్రమే. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది పరాన్నజీవి. చుక్కగా అంటుకున్నప్పుడు దానికి మందు పనిచేయదు, చేపను వదిలి నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకని చుక్కలు మాయమైన రోజే మందు ఆపేస్తే మళ్లీ వస్తాయి.

సక్కర్ ఫిష్ గురించి చెప్పి ముగిస్తాను. గాజు మీద నాచు తింటుందని ప్రతి షాపులోనూ ఒకటి అంటగడతారు. ఇంట్లోకి వచ్చేటప్పుడు వేలంత, పెరిగితే అడుగు దాటుతుంది. తొట్టిలో పట్టనప్పుడు "పాపం, దానికీ స్వేచ్ఛ కావాలి" అని దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. ఆ పుణ్యం ఎవరికి తగిలిందో కృష్ణా నది మీద బతికే జాలరులను అడగండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపను వాళ్లు దెయ్యం చేప అంటున్నారు. గట్టి పెంకు, ముళ్లతో వలలు చింపుతుంది, మార్కెట్లో కొనేవాడుండడు. బెంగళూరు చెరువులకూ ఇది కొత్త కాదు. సక్కర్ కొనకండి. ఇప్పటికే ఉంటే, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో, తిరిగి తీసుకునే షాపుకో ఇవ్వండి. చాలా షాపులు డబ్బివ్వకపోయినా చేపను తీసుకుంటాయి. ఊరు మారుతూ తొట్టి మొత్తం వదిలించుకుంటున్నవాళ్లు కూడా చేపల్ని అలాగే ఇచ్చేయండి. ఫిల్టర్ స్పాంజ్‌ను మాత్రం ఎండనివ్వకుండా తొట్టి నీళ్లలోనే ఉంచి, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరికి కావాలో అడగండి.